కెరటోకోనస్‌కు ఏ ఆపరేషన్ ఎందుకు: చెన్నైకి వచ్చే తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట, తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లకు కంటి జబ్బు అనగానే గుర్తొచ్చేది చెన్నై. నేను ఇక్కడ ఒక కంటి ఆసుపత్రిలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. డాక్టర్ చూసి పంపించాక, ఏ ఆపరేషన్ ఎందుకు చెప్పారో, ఎన్నాళ్లు ఉండాలో, డబ్బుల సంగతేమిటో తెలుగువాళ్లకు తెలుగులో కూర్చోబెట్టి చెప్పడం నా పని. కెరటోకోనస్ అన్న మాట మొదటిసారి విన్న ఇంట్లో కంగారు ఎలా ఉంటుందో రోజూ చూస్తుంటాను. ఆ కంగారులో సగం, ఏది దేనికో తెలియకపోవడం వల్ల వచ్చేదే. మీ కంటికి ఏది సరిపోతుందో స్కాన్లు చూసి తేల్చేది కార్నియా డాక్టరే. ఆయన ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో మీకు ముందే తెలిసి ఉండాలని ఇవన్నీ ఒకచోట రాస్తున్నాను.

అసలు కెరటోకోనస్ అంటే ఏమిటండీ?

నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొరే కార్నియా. మామూలుగా దాని మధ్యభాగం మందం దాదాపు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. కెరటోకోనస్‌లో ఈ పొర బలహీనపడి, పల్చబడి, శంకువు ఆకారంలో ముందుకు ఉబుకుతుంది. లోపలికి వెళ్లే వెలుతురు ఒకచోట కలవక చెల్లాచెదురవుతుంది. అందుకే ఎదురొచ్చే బండి హెడ్‌లైట్ గీతలు గీతలుగా సాగినట్టు, ఒకే అక్షరం పక్కన నీడలా ఇంకోటి ఉన్నట్టు కనిపిస్తుంది.

సాధారణంగా టీనేజీలో మొదలవుతుంది, ఇరవైలలో పెరుగుతుంది, 35-40 ఏళ్లు వచ్చేసరికి చాలామందిలో నెమ్మదిస్తుంది. రెండు కళ్లకూ వస్తుంది కానీ ఒకటి ముందు, ఒకటి వెనక. అద్దాలు మార్చిన కొన్ని నెలలకే మళ్లీ పవర్ మారుతోందంటే, ముఖ్యంగా సిలిండర్ పవర్ (కార్నియా వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడం వల్ల వచ్చే పవర్) పెరుగుతోందంటే, కొత్త అద్దాలు రాయించుకుని ఊరుకోకండి. కార్నియల్ టోపోగ్రఫీ స్కాన్ అడగండి. పెంటాక్యామ్ అనే మెషీన్ పేరు వినే ఉంటారు, అది ఇలాంటి స్కానే. కార్నియా వంపునూ మందాన్నీ రంగుల మ్యాపులా చూపిస్తుంది. స్కాన్‌కు ముందు కాంటాక్ట్ లెన్సులు కొన్నాళ్లు తీసేయాలి. మెత్తటి లెన్సులైతే వారం పైన, గట్టి లెన్సులైతే ఇంకా ఎక్కువ రోజులు. లేకపోతే లెన్స్ నొక్కిన ఆకారమే స్కాన్‌లో వస్తుంది.

ఫోన్ ఎక్కువ చూడటం వల్ల వచ్చిందా?

ఫోన్ వల్ల రాదు. పిల్లల్ని తిట్టాలనుకుంటే కళ్లు నులుముకుంటున్నందుకు తిట్టండి. ఈ జబ్బు రావడానికీ, వచ్చాక ముదరడానికీ నులుముకోవడానికీ దగ్గరి సంబంధం ఉంది. మా వెయిటింగ్ హాల్లో ఒక పావుగంట కూర్చుంటే మీకే అర్థమవుతుంది. అబ్బాయి ఫోన్ పక్కన పెట్టి, చూపుడువేలి కణుపును కంటి మూలలో పెట్టి గుండ్రంగా తిప్పుతూ, కళ్లు మూసుకుని హాయిగా నులుముతుంటాడు. పక్కనున్న అమ్మకు అది కనిపించదు, ఎందుకంటే చిన్నప్పటి నుంచీ అంతే.

దురద ఉంటే దానికి కారణం ఎక్కువగా ఎలర్జీయే. ఎలర్జీకి మందు ఉంది. దురద తగ్గకుండా ఏ ఆపరేషన్ చేసినా సగం ఫలితమే. ఇంకో మాట, తోబుట్టువులకు కూడా ఒకసారి స్కాన్ చేయించండి. ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో ఒకరికంటే ఎక్కువమందికి కనిపిస్తుంది.

లేజర్ చేయించేస్తే అద్దాలు పోతాయి కదా?

మా దగ్గర అందరికంటే ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇదే. పెళ్లి సంబంధాలు చూస్తున్నారని అద్దాలు తీయించుకోవడానికి లేజర్ సెంటర్‌కి వెళ్లి, అక్కడ స్కాన్‌లో కెరటోకోనస్ బయటపడినవాళ్లు చాలామందే వస్తారు. ఒక రకంగా ఆ స్కాన్ వాళ్ల కళ్లను కాపాడిందనే చెప్పాలి.

అద్దాలు తీయడానికి చేసే ఆ లేజర్ ఆపరేషనే లాసిక్. అందులో కార్నియాను కొంత చెక్కేస్తారు. అప్పటికే పల్చగా, బలహీనంగా ఉన్న కార్నియాను ఇంకా చెక్కితే ఉబ్బు వేగంగా ముదురుతుంది. కాబట్టి కెరటోకోనస్ ఉన్న కంటికి లాసిక్ వద్దు. అనుమానం ఉన్నా వద్దు. ఎక్కడైనా "తక్కువే ఉంది, చేసేద్దాం" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మరి ఉన్న ఆపరేషన్లు ఏమిటి? ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతున్నారు.

పేర్లు చాలా ఉన్నాయి, పనులు మూడే. జబ్బు ముదరకుండా ఆపేది ఒకటి: కొల్లాజెన్ క్రాస్ లింకింగ్, మన దగ్గర సీ3ఆర్ అని కూడా అంటారు. ఉన్న కార్నియా ఆకారాన్ని కొంత సరిచేసేవి రెండో రకం: రింగులు, పైపైన చేసే ఒక రకం లేజర్. కార్నియానే మార్చేది మూడోది: డాల్క్, పీకే అనే మార్పిడి ఆపరేషన్లు. ఇవి కాక, జబ్బు ఆగిపోయిన కంట్లో పవర్ తగ్గించడానికి లోపల పెట్టే లెన్స్ ఒకటుంది.

డాక్టర్ ఏ పేరు చెప్పినా మీరు అడగాల్సింది ఒకటే. "ఇది జబ్బును ఆపడానికా, చూపు పెంచడానికా?" ఈ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్లే ఆపరేషన్ బాగా జరిగినా తర్వాత నిరాశపడేవాళ్లు ఉన్నారు. ఆపడానికి చేసిన ఆపరేషన్ నుంచి చూపు ఆశిస్తారు. చూపు కోసం చేసినదాని తర్వాత జబ్బు పూర్తిగా పోయిందనుకుని చెకప్‌లు మానేస్తారు.

క్రాస్ లింకింగ్ ఎలా చేస్తారు?

కార్నియా అంతా కొల్లాజెన్ అనే పోగులతో ఉంటుంది. కెరటోకోనస్‌లో ఆ పోగుల మధ్య పట్టు సడలుతుంది. పందిరి ఊగుతుంటే అడ్డకర్రలు కట్టి బిగించినట్టు, ఆ పోగుల మధ్య కొత్త బంధాలు వేయడమే ఈ చికిత్స. జర్మనీలోని డ్రెస్డెన్‌లో డాక్టర్ థియో సైలర్, వోలెన్‌సాక్, స్పోర్ల్ బృందం దీన్ని రూపొందించి, రోగుల్లో వచ్చిన ఫలితాలను 2003లో ప్రచురించింది. అమెరికా ఎఫ్‌డీఏ 2016లో ఆమోదించింది. అంతకు చాలా ముందు నుంచే మన దేశంలో చేస్తున్నారు.

చుక్కల మందుతోనే కంటికి మత్తు ఇస్తారు, సూది ఉండదు. రెప్పలు మూసుకోకుండా చిన్న క్లిప్ పెడతారు. కార్నియా మీద ఉండే సన్నటి పైచర్మాన్ని మెల్లగా తీసేసి, రైబోఫ్లేవిన్ అనే విటమిన్ బీ2 చుక్కలు కొద్ది నిమిషాలకోసారి వేస్తూ అరగంట నానబెడతారు. అది పచ్చటి పసుపు రంగు మందు, చెంప మీదికి కారితే చర్మం కూడా పచ్చగా అవుతుంది. తర్వాత కంటి మీద నీలిరంగు వెలుతురు వేస్తారు. అందులో పనిచేసేది అతినీలలోహిత కిరణం. పాత పద్ధతిలో ఇది ఇంకో అరగంట. ఇప్పుడు వెలుతురు తీవ్రత పెంచి పది నిమిషాల్లోపు ముగించే పద్ధతులు ఎక్కువగా వాడుతున్నారు. పైచర్మం తీయకుండా చేసే పద్ధతి కూడా ఉంది, నొప్పి తక్కువ. కానీ జబ్బును ఆపడంలో ఎక్కువకాలంగా నమ్మకం నిలబెట్టుకున్నది తీసి చేసే పద్ధతే. చివర్లో కట్టులా పనిచేసే మెత్తటి కాంటాక్ట్ లెన్స్ పెట్టి పంపిస్తారు.

నొప్పి ఉంటుందా? అదే రోజు ఊరెళ్లిపోవచ్చా?

చేసేటప్పుడు ఉండదు. మత్తు దిగిన రాత్రి మాత్రం ఉంటుంది. మంట, నీళ్లు కారడం, వెలుతురు చూడలేకపోవడం రెండు మూడు రోజులు బాగానే ఉంటాయి. "ఏమీ ఉండదు, పదండి" అని చెప్పి పంపడం నాకు ఇష్టం లేదు. ముందే తెలిస్తే ఆ రాత్రి భయపడరు, మాత్రలు వేసుకుని చీకటి గదిలో పడుకుంటారు.

పైచర్మం తిరిగి రావడానికి నాలుగైదు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో కంటికి ఇన్‌ఫెక్షన్ సోకే ప్రమాదం ఉంది. నెల్లూరు మూడు గంటల ప్రయాణమే అయినా, లెన్స్ తీసేదాకా చెన్నైలో బంధువుల ఇంట్లోనో లాడ్జిలోనో ఉండమనే చెబుతాను. ఆసుపత్రుల చుట్టుపక్కల వారానికి గదులు అద్దెకిచ్చేవాళ్లు ఉంటారు. తలస్నానం వద్దు, ముఖం మీద నీళ్లు చల్లుకోవద్దు. తిరుమల మొక్కు ఉంటే గుండు ఆపరేషన్‌కు ముందే చేయించుకోండి, లేదా డాక్టర్ సరేనన్నాక చేయించుకోండి. వెంట్రుకలూ నీళ్లూ కంట్లో పడటం ఆ సమయంలో అస్సలు మంచిది కాదు.

చేయించి నెలైంది. చూపు ముందుకంటే మసకగా ఉంది. ఫెయిలైందా?

కాలేదు. మొదటి కొన్ని వారాలు మసకగా ఉండటం, స్కాన్‌లో నంబర్లు కొంచెం ఎక్కువగా రావడం మామూలే. కార్నియాలో సన్నటి పొగమంచులాంటి మసక ఏర్పడి, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. అసలు ఫలితం ఆర్నెల్లు, ఏడాదికి గానీ తెలియదు.

ఇక్కడొక విషయం స్పష్టంగా చెప్పాలి. క్రాస్ లింకింగ్ ముఖ్యంగా జబ్బును ఆపడానికే. కొంతమందికి వంపు ఒకటి రెండు డయాప్టర్లు (వంపునూ పవర్‌నూ కొలిచే లెక్క) తగ్గి చూపు కాస్త మెరుగవుతుంది. దాన్ని బోనస్ అనుకోండి. అద్దాలు పోవు. కొద్దిమందిలో జబ్బు మళ్లీ కదులుతుంది కాబట్టి చెకప్‌లు మానకూడదు.

మా కార్నియా 400 మైక్రాన్లు కూడా లేదన్నారు. ఇక దారి లేదా?

పైచర్మం తీశాక కనీసం 400 మైక్రాన్లు ఉండాలన్నది పాత పద్ధతిలోని నియమం. వెలుతురు లోపలి కణాల పొరదాకా వెళ్లి దాన్ని దెబ్బతీయకుండా ఆ జాగ్రత్త. పల్చటి కళ్లకు వేరే దారులు వచ్చాయి. కార్నియాను కాసేపు ఉబ్బించే పల్చటి రైబోఫ్లేవిన్ చుక్కలు వాడటం, మందాన్ని బట్టి వెలుతురు ఇచ్చే సమయం తగ్గించడం లాంటివి. చెన్నైలోనే డాక్టర్ సూసన్ జేకబ్, డాక్టర్ అమర్ అగర్వాల్ బృందం 2014లో ఇంకో పద్ధతి ప్రచురించింది: రైబోఫ్లేవిన్‌లో నానబెట్టిన మెత్తటి కాంటాక్ట్ లెన్స్‌ను కంటి మీద పెట్టి, ఆ మందం కూడా కలుపుకొని వెలుతురు ఇవ్వడం. కాబట్టి ఒకచోట కాదన్నారని ఆగిపోకుండా కార్నియా స్పెషలిస్టు దగ్గర ఇంకోసారి చూపించండి.

బాబుకు 12 ఏళ్లు. పెద్దయ్యాక చేయిద్దామా?

ఆగకండి. పెద్దవాళ్లలోనైతే ఆర్నెల్లకోసారి స్కాన్ చేసి, ఏడాదిలో వంపు ఒక డయాప్టర్ పైన పెరిగితే, లేదా పల్చబడుతుంటే, అప్పుడు క్రాస్ లింకింగ్ చేస్తారు. నలభై దాటి ఏళ్లుగా కదలకుండా ఉన్నవాళ్లకు అసలు అవసరమే రాకపోవచ్చు. పిల్లల్లో జబ్బు చాలా వేగంగా ముదురుతుంది. ఒక వేసవి సెలవుల నుంచి ఇంకో వేసవి సెలవులకి లెన్స్ కూడా నిలవని స్థితికి వచ్చిన పిల్లల్ని చూశాను. అందుకే చాలామంది డాక్టర్లు పిల్లల్లో నిర్ధారణ అయిన వెంటనే చేయించమంటారు. పరీక్షలు అయ్యాక చూద్దాం, ఎంసెట్ అయ్యాక చూద్దాం అని వాయిదా వేసే అమ్మానాన్నలకు చేతులు జోడించి చెబుతాను: ఆ వారం రోజుల క్లాసులు మళ్లీ చెప్పించుకోవచ్చు, పోయిన కార్నియా తిరిగి రాదు.

కళ్ల ఎలర్జీ ఉంటే ముందు దాన్ని అదుపులోకి తెచ్చి తర్వాత చేస్తారు. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు తెచ్చి నెలల తరబడి వేయకండి, కంటి ప్రెషర్ పెరుగుతుంది.

జబ్బు ఆగింది సరే, చూపు ఎలా వస్తుంది? ఆపరేషన్ తప్పదా?

చాలామందికి తప్పుతుంది! కెరటోకోనస్‌లో మంచి చూపు తెచ్చే మొదటి సాధనం ప్రత్యేకమైన కాంటాక్ట్ లెన్స్. తక్కువ ఉన్నవాళ్లకు అద్దాలు చాలు. తర్వాత గట్టి లెన్సులు, అంటే ఆర్‌జీపీ, రోజ్ కే లాంటివి. అవి కుచ్చుకుంటుంటే స్క్లీరల్ లెన్స్. ఇది పెద్దది, తెల్లగుడ్డు మీద ఆనుకుంటుంది, కార్నియాను తాకదు. లోపల పోసిన సెలైన్ ఎగుడుదిగుళ్లను నింపేస్తుంది.

బోర్డు మీద మూడో వరుస దాటని మనిషి, స్క్లీరల్ లెన్స్ పెట్టగానే అడుగు వరుసలు చదివి, తిరిగి పక్కనున్న భార్య ముఖం చూసి ఆగిపోవడం ట్రయల్ గదిలో అరుదేమీ కాదు. మార్పిడి ఆపరేషన్‌కని వచ్చినవాళ్లలో లెన్స్‌తోనే పని జరిగి వెళ్లేవాళ్లు ఉంటారు. అందుకే అడుగుతున్నాను, స్క్లీరల్ ట్రయల్ చేయకుండా మార్పిడికి ఒప్పుకోకండి. ఖర్చు తక్కువేమీ కాదు, పెట్టుకోవడం తీయడం నేర్చుకోవడానికి ఓపిక కావాలి, రోజూ శుభ్రం చేయాలి. అయినా అది సొంత కార్నియాను కాపాడుకుంటూ వచ్చే చూపు.

రింగులు వేస్తామన్నారు. అవేం చేస్తాయి?

లెన్స్ పడని, కార్నియా మధ్యలో మచ్చ లేని, తగినంత మందం ఉన్న కళ్లకు ఇవి ఒక దారి. ఇన్‌టాక్స్, కెరారింగ్ లాంటి పేర్లతో వచ్చే ఈ రింగులు అర్ధచంద్రాకారపు సన్నటి ప్లాస్టిక్ ముక్కలు. ఫెమ్టోసెకండ్ లేజర్‌తో కార్నియా మందంలో సొరంగం చేసి అందులోకి జరుపుతారు. అవి అంచుల నుంచి కార్నియాను సాగదీసి మధ్య ఉబ్బును చదును చేస్తాయి. ఫ్రాన్స్‌కు చెందిన డాక్టర్ జోసెఫ్ కొలాన్ 1990ల చివర్లో కెరటోకోనస్‌కు వీటిని వాడటం మొదలుపెట్టారు. అవసరమైతే తీసేయవచ్చు, అది పెద్ద సౌకర్యం. ఇబ్బందులూ ఉన్నాయి: రాత్రి లైట్ల చుట్టూ వలయాలు, అరుదుగా ఇన్‌ఫెక్షన్, పైనున్న పొర పల్చబడి రింగు బయటికి రావడం.

ఈ చివరి ఇబ్బందికి జవాబుగా చెన్నైలో పుట్టిందే కెయిర్స్. డాక్టర్ సూసన్ జేకబ్ దీన్ని రూపొందించి 2018లో ఫలితాలు ప్రచురించారు. ప్లాస్టిక్‌కు బదులు దాత ఇచ్చిన కార్నియా నుంచి కత్తిరించిన ముక్కను సొరంగంలోకి పంపుతారు. మనిషి కణజాలమే కాబట్టి కార్నియాతో కలిసిపోతుంది, బయటికి తోసుకొచ్చే భయం తక్కువ. ఇప్పుడు ఇతర దేశాల్లోనూ చేస్తున్నారు. ఇక్కడి మనుషుల చేతుల్లో పుట్టిన పద్ధతి అని చెప్పేటప్పుడు నాకు గర్వంగానే ఉంటుంది.

ఏ రింగు అయినా, తర్వాత అద్దాలో లెన్సో చాలావరకు ఉంటాయి. అయితే అంతకుముందు అద్దాలతో కనిపించనివి అద్దాలతో కనిపిస్తాయి, నిలవని లెన్స్ నిలుస్తుంది. రింగులు జబ్బును పూర్తిగా ఆపవు కాబట్టి ముదిరే కంటికి క్రాస్ లింకింగ్ కూడా జోడిస్తారు.

లాసిక్ వద్దన్నారు, మరి ఇంకేదో లేజర్ చేస్తామంటున్నారేమిటి?

అది టోపోగ్రఫీ ఆధారంగా చేసే పీఆర్‌కే, ఇంతకుముందు పైపైన చేసే లేజర్ అన్నది ఇదే. స్కాన్ చూపిన ఎగుడుదిగుళ్లను మాత్రమే, చాలా కొద్దిగా, దాదాపు 50 మైక్రాన్లు మించకుండా సరిచేసి, వెంటనే క్రాస్ లింకింగ్ చేస్తారు. గ్రీస్ డాక్టర్ కనెల్లోపౌలోస్ పేరుతో ఏథెన్స్ ప్రోటోకాల్ అంటారు. మంచి మందం ఉన్న, తొలిదశ కళ్లకే. అద్దాలు తీయడం దీని ఉద్దేశం కాదు.

ఐసీఎల్ పెట్టించుకోవచ్చా?

జబ్బు కదలకుండా ఉండి, అద్దాలతో చూపు బాగానే వస్తుంటే ఆలోచించవచ్చు. ఇది కంటి లోపల, సహజ లెన్స్ ముందు పెట్టే లెన్స్. పవర్‌ను తగ్గిస్తుంది, కార్నియా ఎగుడుదిగుళ్లను మాత్రం సరిచేయలేదు. అద్దాలతోనే నీడలు కనిపిస్తున్న కంటికి దీనితోనూ కనిపిస్తాయి.

కార్నియా మార్పిడి ఎప్పుడు చేయాలి? డాల్క్, పీకేల్లో ఏది మంచిది?

మధ్యలో మచ్చ పడినప్పుడు, మనవాళ్ల మాటలో పువ్వు వేసినప్పుడు. మరీ పల్చబడి ఏ లెన్సూ నిలవనప్పుడు. రింగులకూ అందని దశలో. కెరటోకోనస్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇక్కడిదాకా రారు, తొందరగా క్రాస్ లింకింగ్ చేయించుకుంటే మరీ తక్కువ.

పీకే అంటే కార్నియా మధ్యభాగాన్ని పూర్తి మందంతో తీసి దాత కార్నియా కుట్టడం. డాల్క్‌లో జబ్బున్న పై పొరలు మాత్రమే మార్చి, లోపలి కణాల పొరను మీదే ఉంచుతారు. కెరటోకోనస్‌లో ఆ లోపలి పొర సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటుంది, దాన్ని పారేయాల్సిన అవసరం లేదు. మార్పిడి తర్వాత శరీరం తిరస్కరించేటప్పుడు ఎక్కువ ప్రమాదం వచ్చేది ఆ పొరకే. అది మీ సొంతదే అయితే ఆ భయం పోతుంది. వయసులో ఉన్న రోగికి ఇది జీవితకాలం లెక్క. అందుకే వీలున్నచోటల్లా డాల్క్ మంచిదని నేనూ నమ్ముతాను. 2002లో డాక్టర్ అన్వర్ ప్రచురించిన బిగ్ బబుల్ పద్ధతి, అంటే గాలి పంపి పొరల్ని విడదీయడం, దీన్ని అందరికీ దగ్గర చేసింది.

కానీ లోపలి పొర ఒకసారి చిరిగి మచ్చ పడి ఉంటే పీకేనే చేయాలి. డాల్క్ మొదలుపెట్టాక పొర చిరిగితే బల్ల మీదే పీకేకి మారతారు. సంతకం పెట్టించే కాగితంలో రెండు పేర్లూ ఉండటానికి కారణం అదే, అనుమానపడకండి.

పొరల వారీగా మార్చడం వల్ల ఇంకో మేలు ఉంది. 2021లో పునీత్ రాజ్‌కుమార్ చనిపోయినప్పుడు బెంగళూరు నారాయణ నేత్రాలయలో ఆయన రెండు కార్నియాలను పైపొర, లోపలిపొరగా విడదీసి నలుగురికి అమర్చారు. పైపొర దెబ్బతిన్నవాళ్లకు పైపొర, లోపలిది దెబ్బతిన్నవాళ్లకు లోపలిది.

దాత కన్ను దొరుకుతుందా? రక్తం గ్రూపు కలవాలా? కన్ను రంగు మారిపోతుందా?

కన్ను మొత్తం మార్చరు, కార్నియా ఒక్కటే. అది రంగులేనిది కాబట్టి మీ కన్ను రంగు మీదే. రక్తం గ్రూపు కలవాలన్న నియమం మామూలుగా లేదు. కార్నియాను కొనడం, అమ్మడం చట్టం ప్రకారం నేరం. ఐబ్యాంకు పరీక్షలకూ భద్రపరచడానికీ తీసుకునే ఖర్చు వేరు, దానికి రసీదు ఉంటుంది.

మన దేశంలో మొదటి ఐబ్యాంకు 1945లో మొదలైంది ఇక్కడే, ఎగ్మోర్ ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో. డాక్టర్ ఆర్‌ఈఎస్ ముత్తయ్య 1948లో దేశంలోనే మొదటి కార్నియా మార్పిడి కూడా చేశారు. ఆ ఆసుపత్రి 1819 నాటిది, ఇప్పటికీ డబ్బు కట్టలేనివాళ్లకు అదే ఆధారం. ప్రైవేటు ట్రస్టు ఆసుపత్రుల్లోనూ తక్కువ ఖర్చు విభాగాలు ఉంటాయి, కౌంటర్‌లో మొహమాటపడకుండా అడగండి.

మీ ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు ఆరు గంటల్లోపు ఐబ్యాంకుకు ఫోన్ చేయండి. ఫ్యాన్ ఆపి, రెప్పలు మూసి తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టి ఉంచితే చాలు. అద్దాలు పెట్టుకున్నవాళ్లవీ, శుక్లం ఆపరేషన్ అయినవాళ్లవీ, షుగర్ ఉన్నవాళ్లవీ తీసుకుంటారు.

మార్పిడి అయ్యాక ఎన్నాళ్లకు మామూలవుతాం?

ఓపిక కావాల్సింది ఇక్కడే. కట్టు మరునాడే విప్పుతారు, చూపు మాత్రం నెలల మీద వస్తుంది. తరచుగా 16 కుట్లు వేస్తారు, జుట్టు కంటే సన్నటి దారంతో. అవి కొన్ని నెలల తర్వాత ఒక్కొక్కటిగా తీయడం మొదలుపెట్టి, అన్నీ అయ్యేసరికి ఏడాది పైనే పట్టవచ్చు. ఏ కుట్టు ఎప్పుడు తీయాలో స్కాన్ చూసి నిర్ణయిస్తారు, ఎందుకంటే కుట్టు బిగువును బట్టే సిలిండర్ పవర్ మారుతుంది. అన్నీ తీశాక కూడా అద్దాలు, కొందరికి మళ్లీ గట్టి లెన్స్ లేదా స్క్లీరల్ కావాలి. కెరటోకోనస్‌లో మార్పిడి ఫలితాలు మిగతా కార్నియా జబ్బుల కంటే బాగుంటాయి, ఎన్నో ఏళ్లు నిలుస్తాయి. అలాగని కొత్త కన్ను వచ్చినట్టు కాదు.

స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వేయాలి. బాగుందని మీరే ఆపేయకూడదు, అయిపోయిందని మీరే పొడిగించకూడదు. వాటివల్ల ప్రెషర్, శుక్లం రావచ్చు కాబట్టి ప్రతి చెకప్‌లో ప్రెషర్ చూస్తారు. కుట్టిన చోటు ఎప్పటికీ మొదటంత గట్టిగా ఉండదు. క్రికెట్ బంతి, కబడ్డీలో మోచేయి, ఇంట్లో చంటిపిల్లాడి చేయి, ఏది తగిలినా విచ్చుకునే ప్రమాదం ఉంది. రక్షణ అద్దాలు అలవాటు చేసుకోండి. బైక్ మీద వైజర్ దించకుండా వెళ్లకండి.

ఉన్నట్టుండి కన్ను తెల్లబడి, నొప్పితో చూపు పోయింది. ఏమై ఉంటుంది?

హైడ్రాప్స్ కావచ్చు. ముదిరిన కెరటోకోనస్‌లో లోపలి పొర చిరిగి, కంట్లోని నీరు కార్నియాలోకి చేరి ఉబ్బుతుంది. భయంకరంగా కనిపిస్తుంది కానీ ఎక్కువమందిలో రెండు నుంచి నాలుగు నెలల్లో తగ్గుతుంది. తొందరగా తగ్గడానికి కంట్లోకి గ్యాస్ పంపడం, కుట్లు వేయడం చేస్తారు. గ్యాస్ ఉన్నన్నాళ్లు విమానం ఎక్కకూడదు, కొండ ఎక్కే ముందు డాక్టర్ని అడగాలి. తిరుమల కూడా కొండే. మచ్చ చూపుకు అడ్డుగా మిగిలితే, కన్ను నెమ్మదించాక మార్పిడి గురించి ఆలోచిస్తారు.

నాన్నకు ఎప్పటి నుంచో కెరటోకోనస్, ఇప్పుడు శుక్లం కూడా వచ్చింది.

శుక్లం ఆపరేషన్ చేయవచ్చు. లోపల పెట్టే లెన్స్ పవర్ లెక్క కట్టడం మామూలు కంటి కంటే కష్టం, కొంచెం తేడా రావచ్చు. దగ్గరా దూరమూ రెండూ కనిపిస్తాయనే మల్టీఫోకల్ లెన్సులు ఈ కళ్లకు నప్పవు.

చుక్కల మందులతో, కంటి వ్యాయామాలతో, నేత్ర తర్పణంతో (కళ్ల మీద నెయ్యి నిలిపి ఉంచే ఆయుర్వేద చికిత్స) తగ్గుతుందా?

తగ్గదు. ఉబ్బిన కార్నియాను వెనక్కి తెచ్చే మందు లేదు. ప్రయత్నిస్తూ గడిపిన ఏడాదిలో క్రాస్ లింకింగ్‌కు ఉన్న మందం కూడా పోతుంది, నా బాధ అది.

అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. చెప్పాలా?

చెప్పండి. ఇది అంధత్వం తెచ్చే శాపం కాదు, చూపు చూసుకుంటూ ఉద్యోగం, పిల్లలు, డ్రైవింగ్ అన్నీ నడుపుకుంటున్నవాళ్లు ఎందరో. గర్భం సమయంలో కొందరిలో జబ్బు కదులుతుంది, అందుకని పెళ్లికి ముందే స్కాన్ చేయించి, ముదురుతుంటే క్రాస్ లింకింగ్ ముగించుకోవడం మేలు.

ఇన్సూరెన్స్ వస్తుందా?

ఎక్కువ గొడవ జరిగేది ఇక్కడే. మన దేశపు ఆరోగ్య పాలసీల్లో 7.5 డయాప్టర్ల లోపు చూపు దోషాన్ని సరిచేసే చికిత్సకు డబ్బు ఇవ్వమని ఒక షరతు ఉంటుంది. కంటికి లేజర్, లెన్స్, రింగు అన్న మాట కనబడగానే దాని కింద తోసేసే అవకాశం ఉంది. కాబట్టి ఇది అద్దాలు తీయడానికి కాదని, కెరటోకోనస్ అనే ముదిరే జబ్బుకు చికిత్స అని డాక్టర్‌తో ఉత్తరం రాయించుకోండి. పాత, కొత్త స్కాన్లు జత చేయండి. క్యాష్‌లెస్ అనుమతి ఆపరేషన్ తేదీకి ముందే తీసుకోండి. ఆంధ్ర ప్రభుత్వ పథకం కార్డు ఉన్నవాళ్లు, ఈ ఆసుపత్రిలో ఈ చికిత్సకు వర్తిస్తుందా అని టికెట్ బుక్ చేసే ముందే ఫోన్‌లో కనుక్కోండి.

మొదటిసారి వస్తున్నాం. ఏమేమి తెచ్చుకోవాలి?

పాత అద్దాల చీటీలన్నీ, వీలైతే పాత అద్దాలు కూడా. పవర్ ఎంత వేగంగా మారిందో అవే చెబుతాయి. ఇంతకుముందు తీసిన స్కాన్ల రంగు కాపీలు. నలుపు తెలుపు జిరాక్స్ పనికిరాదు, మ్యాప్‌లో రంగే సమాచారం. వాడుతున్న చుక్కల సీసాలు. కంటి పాపను పెద్దది చేసే చుక్కలు వేస్తారు కాబట్టి తోడు ఒకరు ఉండాలి, ఆ రోజు సాయంత్రం బండి నడపకూడదు.

ఆపరేషన్ అయి ఊరెళ్లాక, ఎలా ఉంటే వెంటనే రావాలి?

కన్ను ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు తగ్గినా, నొప్పి వచ్చినా. మార్పిడి జరిగిన కంటికి ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి ఉన్నా, ఆపరేషన్ అయి పదేళ్లయినా సరే, ఆ రోజే బయల్దేరండి. కంట్లో నలుసు పడ్డట్టు గరగరలాడితే కుట్టు వదులై ఉండొచ్చు, ఇంట్లో కడుక్కుని చూద్దామని ఆగొద్దు. తిరస్కరణను మొదటి రోజుల్లో పట్టుకుంటే చుక్కల మందుతోనే చాలాసార్లు కార్నియా నిలబడుతుంది. రాత్రయితే దగ్గరలోని కంటి డాక్టర్‌కు చూపించి, ఆయన చేత మా నంబరుకు ఫోన్ చేయించండి. డిశ్చార్జ్ కాగితం పైభాగంలో ఉంటుంది, ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి.